పాలీహౌస్ క్యాప్సికం: మట్టి రిపోర్టు ‘నార్మల్’, ఆకు అంచులు మాడుతున్నయి. ఎరువు తక్కువైందా, ఉప్పు ఎక్కువైందా?

చెలకరైతు (చేవెళ్ల)
అన్నలూ, ఎకరం పాలీహౌస్, ఎర్ర చెలక, రంగు క్యాప్సికం. ముదురు ఆకుల అంచులు మాడుతున్నయి. తడి ఉన్నా మధ్యాహ్నం చెట్టు వాలుతున్నది. కాయ అడుగున గోధుమ మచ్చ పడి కుళ్లుతున్నది. బెడ్డు అంచుల మీద తెల్లటి పొర.

బోరు నీళ్ల రిపోర్టు: ఈసీ (ఉప్పు ఎంతుందో చెప్పే అంకె, dS/m లెక్కన) 1.1, పీహెచ్ 7.9. లీటరుకు మిల్లీగ్రాముల లెక్కన కాల్షియం 48, మెగ్నీషియం 24, సోడియం 138, క్లోరైడ్ 124, బైకార్బొనేట్ 390.
మట్టి (ఒక పాలు మట్టి, రెండున్నర పాళ్ల నీళ్లు): ఈసీ 0.9, పీహెచ్ 8.1. పక్కన ‘నార్మల్’ అని రాసిచ్చిండ్రు.

డ్రిప్పు: బెడ్డుకు రెండు లేటరల్స్ (సన్న డ్రిప్పు పైపులు), 30 సెం.మీ.కు ఒక డ్రిప్పర్, గంటకు 2 లీటర్లు. పొద్దున ఒకేసారి 20 నిమిషాలు. ఎరువు ఒకరోజు 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు) నాలుగు కిలోలు, తెల్ల పొటాష్ మూడు కిలోలు. మరునాడు కాల్షియం నైట్రేట్ నాలుగు కిలోలు. వెంచురీ (ఎరువు నీళ్లను డ్రిప్పు పైపులకు గుంజేది) 5 నిమిషాలల్ల గుంజేస్తది. మందుల షాపాయన డోసు ఒకటిన్నర రెట్లు చేయమంటున్నడు. చేయాల్నా?

ఈసీమీటర్
వద్దు. ముందు ఆ ‘నార్మల్’ సంగతి చూద్దాం.

ల్యాబులో ఒక పాలు మట్టికి రెండున్నర పాళ్ల నీళ్లు పోసి ఈసీ చూస్తారు. ఆ పద్ధతిలో 1 లోపు వస్తే నార్మల్ అని రాయడం ఆనవాయితీ. అది వరి, జొన్న, పత్తి అన్నిటికీ కలిపి పెట్టుకున్న గీత. పంటలు ఎంత ఉప్పు తట్టుకుంటాయో చెప్పే పట్టికలు మాత్రం మట్టిని నీటితో ముద్దగా కలిపి, ఆ ముద్ద నుంచి లాగిన రసం మీద కట్టినవి. 1977లో మాస్, హాఫ్‌మన్ ఇచ్చిన అంకెలే ఇప్పటికీ అందరూ వాడుతున్నారు. పల్చని ద్రావణంలో 0.9 అంటే ముద్ద లెక్కలో సుమారు 2 నుంచి 3 మధ్య ఉంటుంది. ఇసుక పాలు ఎక్కువైతే ఇంకా పైకి పోతుంది.

ముద్ద లెక్కలో క్యాప్సికం హద్దు 1.5. అది దాటాక ఒక్కో యూనిట్‌కు దిగుబడి 14 శాతం పడిపోతుంది. టమాటా హద్దు 2.5, తగ్గుదల 10 శాతం. కీరా 2.5, 13 శాతం. లెట్యూస్ 1.3, 13 శాతం. బీన్స్ అన్నిటికన్నా సున్నితం: హద్దు 1, తగ్గుదల 19 శాతం. అంటే మీ మట్టి టమాటాకు నార్మలే, క్యాప్సికానికి కాదు. 2.5 ఉందనుకుంటే ఇప్పటికే 14 శాతం పోయింది. ఇలాంటప్పుడు డోసు పెంచితే ఉప్పు మీద ఉప్పు వేసినట్టే.

కుప్పం కాప్సికం
ఉప్పు యాడి నుంచి వస్తాండాదో లెక్క కడతాను చూడండి. నాలుగు వేల చదరపు మీటర్లలో మీటరున్నరకు ఒక బెడ్డు లెక్కన సుమారు 2,400 మీటర్ల బెడ్డు. లేటరల్ 4,800 మీటర్లు, డ్రిప్పర్లు 16 వేలు. గంటకు 32 వేల లీటర్లు. 20 నిమిషాలకు పదివేలకు పైన.

ఈసీ 1.1 అంటే లీటరుకు దగ్గర దగ్గర 700 మిల్లీగ్రాముల లవణాలు. పదివేల లీటర్లతో రోజుకు ఏడు కిలోల ఉప్పు ఒక్క నీళ్లతోనే లోపలికి పోతాది. ఆరేడు నెలల పంటకు టన్ను దాటుతాది. కొంత సున్నంగా గడ్డకట్టినా మిగతాది ఆడనే ఉంటాది. బయట పొలంలో అయితే వానకు కడుక్కుపోతాది. పైన షీటు ఉంటే వానెక్కడిది?

ఇంగ మీ ఎరువు. వెంచురీ 5 నిమిషాలు గుంజితే ఆ సేపట్లో పోయే నీళ్లు 2,650 లీటర్లే. దాంట్లో ఏడు కిలోలు కలిస్తే బోరు నీళ్ల 1.1తో కలిపి డ్రిప్పర్ దగ్గర ఈసీ 4కు పైనే ఉంటాది. తెల్ల పొటాష్ ఒక్కటే, లీటరుకు గ్రాము కలిపితే, ఈసీని ఇంకో 1.8 పైన ఎక్కిస్తాది, పైగా సగానికి దగ్గర క్లోరైడ్. ముందు దాన్ని ఆపండి. పొటాషియం నైట్రేట్‌కు మారండి, ఖర్చు తగ్గాలంటే కొంత సల్ఫేట్ కలపండి.

పచ్చనిల్లు (ములుగు, సిద్దిపేట)
ఉప్పు అని ఖాయం చేసుకునే ముందు రెండు మూడు చెట్లు పీకి వేళ్లు చూడండి. వేళ్ల మీద బుడిపెలుంటే నులిపురుగు. తడి ఉన్నా మధ్యాహ్నం వాలడం దానికీ లక్షణమే, పాలీహౌస్‌లో రెండూ కలిసి ఉండటం కూడా మామూలే. బుడిపెలు లేక, వేళ్ల కొసలు గోధుమ రంగుకు తిరిగి మొద్దుబారితే ఉప్పు వైపే అనుమానించాలి.

ఇంకో తేడా: నులిపురుగు మచ్చలు మచ్చలుగా, కొన్ని బెడ్లలోనే ఉంటుంది. ఉప్పు హౌస్ అంతా కనిపిస్తుంది. లేటరల్ చివర నీళ్లు తక్కువ అందే చోట ఇంకా ఎక్కువ.

కోళ్ల ఎరువు ఎంత వేశారో కూడా చెప్పండి. హైదరాబాద్ చుట్టూ ఫారాలు ఎక్కువ, చౌకగా దొరుకుతుందని టన్నులకు టన్నులు తోలుతారు. సరిగ్గా మాగని కోళ్ల పెంటలో ఉన్నంత ఉప్పు పశువుల ఎరువులో ఉండదు.

చెలకరైతు (చేవెళ్ల)
వేళ్లకు బుడిపెలు లేవు, కొసలు నల్లబడ్డయి. కోళ్ల పెంట బెడ్లు చేసేటప్పుడు రెండు లారీలు పోయించిన.

ప్రకృతిబాట
ఈ లెక్కలన్నీ ఎందుకండీ? వారానికోసారి జీవామృతం వదలండి, వేపపిండి వేయండి. సూక్ష్మజీవులు పెరిగితే ఉప్పు దానంతటదే విరిగిపోతుంది.

ఈసీమీటర్
సోడియం, క్లోరైడ్ విరిగేవి కావు. ఏ జీవీ వాటిని తిని మాయం చేయలేదు. సేంద్రియ పదార్థం మట్టిని గుల్ల చేస్తుంది, నీళ్లు దిగడానికి సాయపడుతుంది, అందుకు వేయండి. ఉప్పు బయటికి పోవాలంటే మాత్రం నీటితో కలిసి వేళ్ల కిందికి దిగాలి, వేరే దారి లేదు. పైపుకు తగిలించే అయస్కాంతాల సంగతీ అంతే. అయస్కాంతానికి ముందు, తర్వాత నీళ్లు పట్టి మీటరు పెట్టండి, అంకె మారదు.

చెలకరైతు గారూ, మీరే ఒక పరీక్ష చేయొచ్చు. ఒక బెడ్డులో మూడు చోట్ల మట్టి తీయండి: డ్రిప్పర్ పక్కన, రెండు లేటరల్స్ మధ్యన, బెడ్డు భుజం మీద. పైన 15 సెం.మీ. వేరుగా, కింద 15 సెం.మీ. వేరుగా. మూడూ కలిపి ఒక్క శాంపిల్ చేయొద్దు, ల్యాబు రిపోర్టు మోసం చేసేది అక్కడే. సీసాలో 200 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ పోసి, మట్టం 300 గీతకు వచ్చేదాకా మట్టి వేయండి. బాగా గిలకొట్టి, అరగంట తేర్చి, పైనీటిలో మీటరు ముంచండి. మీటరును ముందు ఈసీ 1.413 అని తెలిసిన ద్రావణంలో సరిచూసుకోండి.

తీరప్రాంతం (బాపట్ల)
ఈలోగా నీళ్ల రిపోర్టు. ఈసీ కన్నా బైకార్బొనేట్ నన్ను ఎక్కువ కంగారు పెడుతోంది. మిల్లీఈక్వివలెంట్లలోకి (వేర్వేరు లవణాలను ఒకదానితో ఒకటి పోల్చే కొలత) మారిస్తే బైకార్బొనేట్ 6.4, కాల్షియం 2.4, మెగ్నీషియం 2. అంటే మిగులు కార్బొనేట్ 6.4 – 4.4 = 2.0. ఈ అంకె 1.25 లోపుంటే నిశ్చింత, 2.5 దాటితే ఆ నీళ్లు పనికిరావు. మీది మధ్యలో ఉంది. ఇలాంటి నీళ్లు రోజూ పెడితే మట్టిలో కాల్షియం సున్నంగా గడ్డకడుతుంది, సోడియం మిగిలిపోతుంది, పీహెచ్ 8 దాటుతుంది. డ్రిప్పర్లలో తెల్లగా పేరుకునేదీ ఇదే. కాయ అడుగు కుళ్లుకూ ఇందులో వాటా ఉంది.

అలాగని రేపే జిప్సం తోలకండి. మా వైపు పాలచౌడు, కారుచౌడు అని రెండు రకాలు. ఉప్పు పేరుకున్న పాలచౌడుకు మందు నీళ్లే, జిప్సం వేస్తే ఇంకాస్త ఉప్పు కలిపినట్టు. సోడియం ఎక్కువై బిగుసుకుపోయిన కారుచౌడుకే జిప్సం. ఏదో తేల్చుకోవడం తేలిక. ఎండిన మట్టిపెళ్ల ఒకటి గ్లాసులో వాన నీటిలోనో డిస్టిల్డ్ వాటర్‌లోనో కదపకుండా వేసి రెండు గంటలు చూడండి. పెళ్ల చుట్టూ పాలలాంటి మబ్బు కమ్మితే సోడియం పని. ఊరికే విరిగి కింద పడి, నీళ్లు తేటగా ఉంటే జిప్సం ఇప్పుడు అక్కర్లేదు.

చెలకరైతు (చేవెళ్ల)
పెళ్ల విరిగింది, నీళ్లు తేటగనే ఉన్నయి. ఈసీ (ఒకటికి రెండు): డ్రిప్పర్ పక్కన 0.6, మధ్యన 1.0, భుజం మీద 3.2. కింది పొరల డ్రిప్పర్ దగ్గర 0.9, మధ్యన 1.5. అంటే ఏంది?

ఈసీమీటర్
అంటే నీళ్లు డ్రిప్పర్ కిందనుంచి ఉప్పును తోస్తున్నాయి, కానీ తడి ఆగిన చోటల్లా, అంటే అంచుల్లోనూ, కిందా, వదిలేస్తున్నాయి. 20 నిమిషాల తడి కింది పొరను దాటి పోవడం లేదు. మూడు నెలల చెట్టు వేళ్లు ఇప్పుడు ఆ అంచులదాకా చేరాయి, అందుకే లక్షణాలు ఇప్పుడు బయటపడ్డాయి.

జాగ్రత్త, ఎండలకు చల్లదనం కోసం బెడ్ల మీద పైపుతో నీళ్లు చల్లొద్దు. షీటు కారి వాన పడ్డా అదే ప్రమాదం. భుజం మీది 3.2 ఉప్పు కరిగి నేరుగా వేళ్లలోకి జారుతుంది. అలాంటప్పుడు వెంటనే డ్రిప్పు వేసి దాన్ని వెనక్కి తోయాలి.

కుప్పం కాప్సికం
ఉన్న పంటను కాపాడేదానికి నేను చెప్పే వరస ఇది.

మొదట నాలుగైదు రోజులు ఎరువు పూర్తిగా ఆపండి. ఉత్త నీళ్లు, రోజుకు 30 నిమిషాలు, కానీ ఒకేసారి కాదు. పొద్దున, పదకొండుకు, రెండుకు పదేసి నిమిషాలు. మట్టి ఎండే కొద్దీ వేరు చుట్టూ ఉండే రసం చిక్కబడతాది, మధ్యాహ్నం చెట్టు వాలేది అందుకే. పదికంటే బాగా తగ్గించొద్దండి, లేటరల్ నిండేదానికే మూడు నాలుగు నిమిషాలు పోతాయి, చివరి చెట్లకు ఏమీ అందదు.

దోవల్లో నీళ్లు నిలిస్తే ఆపేయాల. క్యాప్సికం ఉప్పునైనా కొంత ఓర్చుకుంటాది గానీ నిలవ నీటిని ఓర్చుకోదు, ఫైటోఫ్తోరా (వేరు, మొదలు కుళ్లు తెగులు) పట్టుకుంటే బెడ్డుకు బెడ్డే పోతాది.

తర్వాత నుంచి రోజుకు 24 నిమిషాలు, రెండు మూడు తడులుగా. ఎందుకు 24 అంటే, కడిగే వాటా లెక్క: నీటి ఈసీని, హద్దు ఈసీకి ఐదు రెట్లలోంచి నీటి ఈసీ తీసేసిన దాంతో భాగించాల. 1.1 బై (7.5 – 1.1), అంటే 17 శాతం. చెట్టు తాగే దానికి ఆ మాత్రం ఎక్కువ పోస్తేనే ఉప్పు నిలవ పెరగకుండా ఉంటాది.

తీరప్రాంతం (బాపట్ల)
ఆ నీళ్లు యాసిడ్ కలిపినవైతే పని సగం తేలిక. బైకార్బొనేట్ 6.4లో 1 మిగలనిచ్చి 5.4 చంపాలి. వెయ్యి లీటర్లకు, ఒక్కో మిల్లీఈక్వివలెంట్‌కు 60 శాతం నైట్రిక్ యాసిడ్ 76 మి.లీ. పడుతుంది. అంటే సుమారు 410 మి.లీ. దీంతో లీటరుకు 76 మిల్లీగ్రాముల నత్రజని కూడా వస్తుంది, ఎరువులో అంత తగ్గించుకోవాలి. చాలామంది ఫాస్ఫారిక్ మీదే ఆధారపడతారు. ఇంత బైకార్బొనేట్‌కు 85 శాతం ఫాస్ఫారిక్ వెయ్యి లీటర్లకు 365 మి.లీ. దాకా కావాలి, భాస్వరం లీటరుకు 160 మిల్లీగ్రాములు దాటుతుంది. జింక్, ఇనుము అందకుండా పోతాయి.

యాసిడ్‌ను నీళ్లలో పోయాలి, నీళ్లను యాసిడ్‌లో కాదు. ప్లాస్టిక్ డ్రమ్ము, రబ్బరు గ్లవ్స్, కళ్లద్దాలు. ఇత్తడి, జీఐ (జింకు పూత ఇనుప) ఫిట్టింగుల గుండా పోనివ్వద్దు. లెక్క ప్రకారం ఒకేసారి పోసేయకుండా ముందు ఇరవై లీటర్ల బకెట్‌లో 8 మి.లీ. కలిపి పీహెచ్ చూడండి, 6 – 6.5 మధ్య ఆగాలి. మార్కెట్లో దొరికే యాసిడ్ గాఢత డబ్బా డబ్బాకు మారుతుంది.

చెలకరైతు (చేవెళ్ల)
రోజూ నాలుగైదు లీటర్ల యాసిడ్ అంటే ఖర్చు, భయం రెండూ ఉన్నయి. మా దగ్గర పనోళ్లే డ్రిప్పు నడుపుతరు.

తీరప్రాంతం (బాపట్ల)
అయితే సగం చంపండి, 200 మి.లీ. చాలు, ఇంకా మిగులు కార్బొనేట్ ఉంటే పంట అయ్యాక జిప్సం. మిగులు కార్బొనేట్ ఒక్కో యూనిట్‌కు పది లక్షల లీటర్ల నీటికి 86 కిలోలు. యాసిడ్ అసలే వద్దనుకుంటే మీ రెండు యూనిట్లకు, 20 లక్షల లీటర్ల పంటకు, 344 కిలోలు. మట్టి బిగుసుకోక ముందు, నీటి దోషానికి విరుగుడుగా వేసేది ఇది. ఇందాక చెప్పిన కారుచౌడు జిప్సం లెక్క వేరు, రెండూ కలపొద్దు.

పచ్చనిల్లు (ములుగు, సిద్దిపేట)
ఎరువు మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఈ కొలతలు చూడండి. పదివేల లీటర్ల నీటికి, రోజూ:

ఎ డ్రమ్ము: కాల్షియం నైట్రేట్ 2 కిలోలు, ఇనుము ఈడీడీహెచ్‌ఏ రూపంలో (ఈడీడీహెచ్‌ఏ, ఈడీటీఏ ఇనుమును చెట్టుకు అందేలా పట్టి ఉంచేవి; పీహెచ్ 8 మట్టిలో ఈడీటీఏ నిలవదు).
బి డ్రమ్ము: పొటాషియం నైట్రేట్ 2 కిలోలు, 12-61-0 800 గ్రాములు, పొటాషియం సల్ఫేట్ 1 కిలో, సూక్ష్మపోషకాలు.

దీంతో ఈసీ 0.7 పెరుగుతుంది, బోరుతో కలిపి 1.8 – 1.9. పూర్తిగా యాసిడ్ కలిపితే నత్రజని లీటరుకు 140 మిల్లీగ్రాముల దగ్గర తేలుతుంది. యాసిడ్ సగమే అయితే 105. ఆకు లేతబడితే కాల్షియం నైట్రేట్ అరకిలో పెంచుకోండి, అంతకు మించి వద్దు. మెగ్నీషియం సల్ఫేట్ కావాలనే రాయలేదు, మీ నీళ్లలోనే 24 ఉంది. నీళ్లు ఇచ్చేదాన్ని మళ్లీ కొనడం ఎందుకు?

ఎ, బి కలిపి ఒకే డ్రమ్ములో పోస్తే సల్ఫేట్, ఫాస్ఫేట్ కాల్షియంతో గడ్డకట్టి డ్రిప్పర్లు మూసుకుంటాయి. రెండు వెంచురీలు లేకపోతే పొద్దున తడిలో ఎ, పదకొండు తడిలో బి. పొటాషియం సల్ఫేట్ మొండిది. గోరువెచ్చని నీళ్లలో, లీటరుకు 80 గ్రాములు మించకుండా కరిగించి, వడకట్టి పోయండి.

వెంచురీ వాల్వు బిగించి గుంజే వేగం తగ్గించాలి. మొదట 3 నిమిషాలు ఉత్త నీళ్లు, మధ్యలో ఎరువు, చివరి 3 నిమిషాలు మళ్లీ ఉత్త నీళ్లు. చివరి లేటరల్ చివరి డ్రిప్పర్ కింద గిన్నె పెట్టి, మధ్యలో ఈసీ చూడండి. 2.5 దాటితే ఇంకా బిగించండి.

రోజా_హౌస్
కాయ అడుగు కుళ్లుకు కాల్షియం స్ప్రే చెప్తున్నారు కదా, పనిచేస్తుందా?

పచ్చనిల్లు (ములుగు, సిద్దిపేట)
కొద్దిగా. కాల్షియం కాయలోకి నీటితోపాటే పోతుంది, ఆకుల మీద చల్లింది కాయకు చేరదు. పిందె బఠాణీ గింజంత ఉన్నప్పుడు నేరుగా పిందె తడిసేలా లీటరుకు 5 గ్రాముల కాల్షియం నైట్రేట్, వారానికోసారి, సాయంత్రం. వేరు దగ్గర ఈసీ తగ్గించకుండా, ఎండాకాలం షేడ్‌నెట్ లాగకుండా స్ప్రే ఒక్కటే చేస్తే డబ్బు దండగ. 19-19-19లో ఉండే అమ్మోనియా, ఎక్కువైన పొటాష్ కూడా కాల్షియంతో పోటీ పడతాయి. ఒకసారి కుళ్లిన కాయ బాగుపడదు, తెంపేయండి.

చెలకరైతు (చేవెళ్ల)
పంట తీసినంక బెడ్లు ఎట్ల కడగాలె? దున్నితే పోతదా?

ఈసీమీటర్
దున్నితే భుజం మీది ఉప్పు మొత్తం కలిసి, కొత్త నారుకు అంతటా అందుతుంది. పైపొరను మూడు నాలుగు సెంటీమీటర్లు గీకి బయట పారేయండి, ఆ తర్వాత కడగండి.

కడగడానికి లెక్క: 30 సెం.మీ. మట్టిలో ఉప్పు సగం కావాలంటే 15 సెం.మీ. నీళ్లు దిగాలి, ఐదో వంతుకు రావాలంటే 30 సెం.మీ. దాకా. 2,400 చదరపు మీటర్ల బెడ్లకు 15 సెం.మీ. అంటే 3.6 లక్షల లీటర్లు. మీ డ్రిప్పు మొత్తం 11 గంటలు నడవాలి, గంట నడిపి మూడు నాలుగు గంటలు ఆపుతూ. ఆపుతూ పోస్తే తక్కువ నీటితో ఎక్కువ ఉప్పు దిగుతుంది. డ్రిప్పుతో అయితే లేటరల్స్‌ను భుజాల వైపు జరపాలి, లేకుంటే ఉప్పు మళ్లీ అక్కడికే చేరుతుంది. మినీ స్ప్రింక్లర్ ఉంటే ఇంకా మేలు.

ఇదంతా చేసే ముందు దోవలో అడుగు లోతు గుంట తీసి నీళ్లు నింపండి, ఇంకాక మళ్లీ నింపి మట్టం చూడండి. గంటకు సెంటీమీటరు కూడా దిగకపోతే కింద మొరం పొర అడ్డుంది. అది తెరవకుండా నీళ్లు పోస్తే ఉప్పు దిగదు, పైకి తేలుతుంది.

కుప్పం కాప్సికం
ఆ 3.6 లక్షల లీటర్లూ ఇదే బోరు నీళ్లయితే ఒక హద్దు కిందికి ఉప్పు దిగదు. వాన నీళ్లు పట్టండి. హైదరాబాద్ వైపు ఏడాదికి 800 మి.మీ. వాన లెక్కేసినా, 4,000 చదరపు మీటర్ల కప్పు మీద 32 లక్షల లీటర్లు. గట్టర్లలో పోయేది పోగా 27 లక్షలు. మీ పంట మొత్తం వాడేదానికంటే ఎక్కువ! అన్నీ నిలవ పెట్టలేరు గానీ, షీటు పరిచిన ఐదు లక్షల లీటర్ల కుంట ఉన్నా కడిగే నీళ్లు వస్తాయి, మిగిలింది బోరుతో సగం సగం కలిపితే ఈసీ, బైకార్బొనేట్ రెండూ సగమవుతాయి, యాసిడ్ ఖర్చు సగానికి పైగా పోతాది. మొదటి వాన నీళ్లు మాత్రం బయటికి వదలండి, కప్పు మీది దుమ్ము కొట్టుకొస్తాది.

చెలకరైతు (చేవెళ్ల)
గట్టర్లు ఉన్నయి, నీళ్లు వాగులకు పోతున్నయి. కుంట తవ్విస్త. ఈసారి క్యాప్సికం తీసినంక కీరా పెట్టొచ్చా, మల్ల క్యాప్సికమేనా?

ఈసీమీటర్
కడిగాక అవే ఆరు చోట్ల మళ్లీ ఒకటికి రెండు పరీక్ష చేయండి. అన్నీ 0.6 లోపు వస్తే క్యాప్సికం. భుజాలు, కింది పొర 1 దగ్గరే ఆగితే కీరా, అదీ గుమ్మడి వేరు మీద అంటుకట్టిన నారు దొరికితే, ఎందుకంటే గుమ్మడి వేరు సోడియంను పైకి తక్కువ పంపుతుంది. బీన్స్ జోలికి పోకండి. కోళ్ల పెంట ఈసారి వద్దు, మాగిన పశువుల ఎరువు చాలు. ఇంకో మాట, ఇరవై బెడ్లకు ఒకటి చొప్పున 15, 30 సెం.మీ. లోతుల్లో మట్టి రసం లాగే పింగాణీ మూతి గొట్టాలు పాతుకోండి. తడి ఇచ్చిన రెండు మూడు గంటలకు సిరంజితో గాలి గుంజి, మరునాడు పొద్దున రసం తీసి మీటరు పెట్టాలి. అందులో అంకె ముద్ద లెక్కకు సుమారు రెట్టింపు ఉంటుంది, క్యాప్సికానికి 3 దాటనివ్వొద్దు. 30 సెం.మీ. గొట్టంలో అంకె పైగొట్టం కన్నా పెరుగుతూ పోతుంటే కడిగే వాటా చాలడం లేదని, తడికి రెండు నిమిషాలు కలపండి.

చెలకరైతు (చేవెళ్ల)
సిరంజి గుంజినంక గొట్టం మూతి ఎట్ల మూయాలె? క్లిప్పా?

పచ్చనిల్లు (ములుగు, సిద్దిపేట)
రబ్బరు ట్యూబు మడిచి క్లిప్పు పెట్టండి, సెలైన్ సెట్టుకు వచ్చే చక్రం క్లిప్పు అయినా సరిపోతుంది. పాతే ముందు పింగాణీ మూతిని రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. గుంట అడుగున అదే మట్టిని బురదగా కలిపి పోసి అందులో కూర్చోబెట్టాలి. మూతికీ మట్టికీ మధ్య గాలి సందు ఉంటే చుక్క కూడా రాదు.